పెళ్లి దగ్గరపడ్డాక పళ్ల పని: ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి చేయించుకోవడం ఎలా

ముహూర్తాల సీజన్ మొదలైతే చాలు, ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. “పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది, రూట్ కెనాల్ చేయించుకోవచ్చా?” “ముందు పన్ను పోయింది, ఇంప్లాంట్ వేయించాలా?” “జ్ఞానదంతం ఇప్పుడు తీయిస్తే ఫొటోల్లో బుగ్గ వాచి కనబడుతుందా?” అడిగేది పెళ్లికూతురైనా, పెళ్లికొడుకైనా, వాళ్ల అమ్మగారైనా ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. పెళ్లిలోపు పళ్లన్నీ బాగు చేయించేయాలని పెట్టుకోకండి. ముహూర్తం నాటికి నొప్పి ఉండకూడదు, కనిపించే చోట లోటు ఉండకూడదు, పెట్టినదేదీ ఊడకూడదు. ఈ మూడూ కుదిరితే చాలు. మిగతా పని పదహారు రోజుల పండగ అయ్యాక నింపాదిగా చేయించుకోవచ్చు.

సంబంధం కుదిరి, ముహూర్తం ఇంకా పెట్టనివాళ్లకు ఒక మాట. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ మనకు పెళ్లిళ్లు ఉండవు కదా. పళ్ల పనికి అంతకన్నా మంచి సమయం దొరకదు. శ్రావణంలో పెళ్లి అనుకుంటే ఆషాఢం మొదట్లోనే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- తేదీలన్నీ రాసిన కాగితం. చాలామంది డెంటిస్టుకి పెళ్లి తేదీ ఒక్కటే చెబుతారు. ప్రీవెడ్డింగ్ షూట్, మేకప్ ట్రయల్, సంగీత్, పెళ్లికూతుర్ని చేసే రోజు అంతకుముందే వస్తాయి. ఫొటో దిగే ప్రతి రోజూ ఆ కాగితంలో ఉండాలి.
- పాత ఎక్స్‌రేలు, పాత ప్రిస్క్రిప్షన్లు. ఫోన్‌లో ఫొటోలు ఉన్నా సరిపోతుంది.
- వాడుతున్న మందులు, పడని మందులు. షుగర్, బీపీ, ఆస్తమా, గర్భం ఏది ఉన్నా ముందే చెప్పాలి. పెళ్లి పేరుతో ఇంట్లో పెద్దవాళ్లు కూడా పళ్లు తీయించుకుంటారు. రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి ఇచ్చే ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లయితే ఆ విషయం దాచకూడదు. ఆ మాత్రలను సొంతంగా ఆపేయనూ కూడదు.
- ఏ సిట్టింగ్ ఏ రోజో, ఎంతవుతుందో రాసిచ్చిన ఎస్టిమేట్.

1. ఈ వారంలోనే చెకప్ చేయించుకోండి

నొప్పి లేకపోయినా వెళ్లాలి. పిప్పి పన్ను నరం దాకా వెళ్లేవరకు చాలాసార్లు నొప్పే రాదు. వచ్చేది మాత్రం సరిగ్గా నిద్ర తక్కువై, టెన్షన్ ఎక్కువైన రోజుల్లోనే. మొత్తం దవడ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, అనుమానం ఉన్న పంటికి చిన్న ఎక్స్‌రే తీస్తారు. అప్పుడు డాక్టర్ని సూటిగా అడగండి: పెళ్లిలోపు నొప్పి పెట్టే అవకాశం ఉన్న పన్ను ఏది? నవ్వితే కనిపించే లోపం ఏది? పెళ్లయ్యాక చూసుకుంటే నష్టం లేనిది ఏది? పనంతా ఈ మూడు జవాబుల మీదే నడుస్తుంది.

క్లినిక్ ఇంటికి దగ్గరగా ఉంటే మంచిది. నాలుగైదు సార్లు తిరగాలి. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కి సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్తూ, మధ్యలో జనరల్ బజార్‌లో చీరల పని కూడా పెట్టుకుంటే ఏదో ఒక సిట్టింగ్ తప్పుతుంది. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. రద్దీ ఎక్కువ, సిట్టింగులూ ఎక్కువ పట్టవచ్చు. అక్కడ చేయించుకోవాలంటే రెండు నెలల ముందు నుంచే తిరగడం మొదలుపెట్టండి.

2. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

రెండు నెలలు, అంతకంటే ఎక్కువ ఉంటే: దాదాపు అన్నీ చేయించుకోవచ్చు, ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే పన్ను) పూర్తి కావడం తప్ప.

నెల రోజులుంటే: జ్ఞానదంతం తీయించడానికి ఇదే చివరి మంచి సమయం. రూట్ కెనాల్ (పంటి లోపల చెడిన నరం తీసి మూసే పని), పంటి మీద వేసే తొడుగు అంటే క్యాప్ పూర్తవుతాయి. తెల్లబరచుకోవడం వెంటనే మొదలుపెట్టాలి.

రెండు వారాలుంటే: రూట్ కెనాల్, ఫిల్లింగ్, క్లీనింగ్. ల్యాబ్ మీద ఆధారపడే పని ఉంటే ఈరోజే కొలత ఇవ్వాలి.

వారమే ఉంటే: నొప్పి తగ్గించే పని, విరిగింది అతికించే పని. కొత్తది ఏదీ మొదలుపెట్టకండి.

క్యాప్ తయారయ్యేది క్లినిక్‌లో కాదు, ల్యాబ్‌లో. మామూలుగా వారం, పది రోజులు పడుతుంది. మధ్యలో దసరానో సంక్రాంతో వస్తే టెక్నీషియన్లు ఊళ్లకు వెళ్తారు. వినాయక నిమజ్జనం రోజు సిటీలో కదలడమే కష్టం. పండగలున్న నెలలో పెళ్లయితే ల్యాబ్ ఎప్పుడు మూస్తారో ముందే అడిగి, ఇంకో వారం కలుపుకోండి.

3. నొప్పి ఉన్న పన్నుతో మొదలుపెట్టండి

రూట్ కెనాల్ ఒకటి నుంచి మూడు సిట్టింగుల్లో అయిపోతుంది. ఆ తర్వాత కొన్ని రోజులు కొరికితే సలుపు ఉండటం మామూలే. అందుకే ఆఖరి సిట్టింగ్ పెళ్లికి కనీసం పది రోజుల ముందు ఉండేలా చూసుకోండి.

టైమ్ లేకపోతే? పన్ను తెరిచి, లోపల చెడిన నరం తీసి, మందు పెట్టి, తాత్కాలిక ఫిల్లింగ్‌తో మూసేయమని అడగండి. చాలామందికి దీంతోనే నొప్పి తగ్గిపోతుంది. మిగతా పని పెళ్లయ్యాక. అయితే తాత్కాలిక ఫిల్లింగ్ పేరుకు తగ్గట్టే తాత్కాలికం. రెండు మూడు వారాలు దాటితే అరిగి, సందులోంచి క్రిములు మళ్లీ లోపలికి పోతాయి. హనీమూన్ టికెట్లు కొనేముందే ఆ తర్వాతి అపాయింట్‌మెంట్ రాయించుకోండి.

రూట్ కెనాల్ అయి, క్యాప్ వేయని దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. ఆ పక్కన సకినాలు, జంతికలు, బెల్లం పాకం అచ్చులు కొరకకండి. పన్ను నిలువునా చీలితే చాలాసార్లు తీసేయడం తప్ప దారి ఉండదు.

నొప్పి మాత్రల్లో జాగ్రత్త. డోలో 650 (పారాసిటమాల్) వేసుకుంటూ మళ్లీ జలుబు మాత్ర వేసుకుంటే, అందులోనూ పారాసిటమాల్ ఉండవచ్చు. చీటీ చూసి వేసుకోండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఖాళీ కడుపున వద్దు. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటిని ముట్టుకోవద్దు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కోవడం ఆపండి. నరం చెడితే అది యాంటీబయాటిక్‌తో బాగుపడదు. డాక్టరే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, ఆ రోజుల్లో ఫ్రెండ్స్ ఎంత బలవంతం చేసినా మద్యం తాగకూడదు. వాంతులు, గుండెదడ రావచ్చు.

4. పన్ను తీయించాల్సి వస్తే

జ్ఞానదంతం విషయంలో నా అభిప్రాయం గట్టిది. పెళ్లికి మూడు వారాలకన్నా తక్కువ ఉండి, ప్రాణం తీసే నొప్పి లేకపోతే వాయిదా వేయండి. వాపు తీసిన రోజు కాదు, రెండో రోజు, మూడో రోజు బాగా కనిపిస్తుంది. వారానికి చాలావరకు తగ్గుతుంది. కానీ నోరు పూర్తిగా తెరవలేకపోవడం కొందరికి రెండు వారాల దాకా ఉంటుంది. చర్మం మీద పసుపు, ఆకుపచ్చ మరకలు దవడ నుంచి మెడ దాకా జారవచ్చు. మేకప్ మరకను దాచగలదు, వాపును దాచలేదు. చివరి వారంలో జ్ఞానదంతం చుట్టూ చిగురు వాస్తే, ఆ చిగురు కింద శుభ్రం చేసి మందు పెట్టి తగ్గించవచ్చు. తీయడం తర్వాత.

తీయించాక మొదటి రోజు చేయాల్సినవి:

గాజుగుడ్డ గట్టిగా కొరికి అరగంట పైనే ఉంచండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూస్తే రక్తం ఆగదు. బుగ్గ మీద బయటి నుంచి ఐస్, పది పదిహేను నిమిషాలు పెట్టి తీసి, మళ్లీ పెట్టండి. వేడి కాపడం వద్దు. తిమ్మిరి మూడు నాలుగు గంటలు ఉండవచ్చు. అది పోయేదాకా వేడి టీ తాగకండి, నోరు కాలినా తెలియదు. పెదవి కొరుక్కోకుండా కూడా చూసుకోండి. ఇరవైనాలుగు గంటలు పుక్కిలించడం, ఉమ్మడం ఉండకూడదు. మరుసటి రోజు నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు వేసి నెమ్మదిగా పుక్కిలించండి.

ఆ గుంతలో గడ్డకట్టిన రక్తమే గాయానికి కట్టు. పీల్చే పని ఏది చేసినా అది ఊడి వస్తుంది. సిగరెట్ అందరికీ తెలుసు. తెలియనివి రెండున్నాయి. బలం కోసమని తెచ్చిచ్చే కొబ్బరిబొండాం స్ట్రాతో తాగకండి, గ్లాసులో పోసుకోండి. బంధువులింట్లో దావత్‌లో నల్లి బొక్క పీల్చకండి. గడ్డ ఊడితే మూడో రోజుకి చెవి దాకా పోటు వస్తుంది, నోరు వాసన వస్తుంది. అప్పుడు మాత్రలతో నెట్టుకురాకండి. డాక్టర్ గుంత కడిగి మందు పెడితే చాలామందికి అదే రోజు హాయిగా ఉంటుంది.

తిండికి చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, పెసరకట్టు, రాగిజావ. బిర్యానీ మెతుకులు గుంతలో ఇరుక్కుంటాయి, కొన్నాళ్లు ఆగాలి. కుట్లు వేస్తే సాధారణంగా వారానికి తీస్తారు. ఆ వారంలో ఫేషియల్, ముఖం మసాజ్ పెట్టుకోకండి. ఈ సంగతి పార్లర్ అమ్మాయికి మీరే చెప్పాలి.

5. ముందు పన్ను లేకపోతే, విరిగితే

ఇంప్లాంట్ స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పెళ్లికి అందదు. ఇప్పుడు పనికొచ్చేవి వేరే ఉన్నాయి.

తీసి పెట్టుకునే ఒక పంటి ప్లేటు కొన్ని రోజుల్లోనే తయారవుతుంది, ఖర్చూ తక్కువ. పక్క పళ్లకు వెనక నుంచి అతికించే తాత్కాలిక పన్ను ఇంకా బాగుంటుంది, తీసి పెట్టే బాధ ఉండదు. దాంతో మాత్రం ఏదీ కొరకకూడదు. మూడోది బ్రిడ్జి, అంటే పక్క పళ్ల మీద క్యాప్‌లు వేసి వాటి మధ్య పన్ను నిలబెట్టడం. దానికి అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. పెళ్లి తొందరలో ఈ నిర్ణయం తీసుకోకండి. అరగదీసిన పన్ను మళ్లీ రాదు. “స్మైల్ డిజైన్” పేరుతో పది పళ్లకు వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పలుచటి పొరలు) వేస్తామన్నా ఇదే మాట వర్తిస్తుంది.

కొత్త ప్లేటుతో నాలుక తడబడుతుంది. పెళ్లికొడుకు సంకల్పం, మంత్రాలు పురోహితుడి వెంట పైకి చెప్పాలి. మైకు కూడా ఉంటుంది. వారం ముందు నుంచి రోజూ పావుగంట పేపర్ పైకి చదవండి. స, శ, ష వచ్చే మాటలు ఎక్కువ పలకండి. మూడు నాలుగు రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది.

పన్ను ముక్క విరిగితే ఆ ముక్కను పారేయకండి. నీళ్లలోనో పాలలోనో వేసి పట్టుకెళ్తే చాలాసార్లు అదే అతికిస్తారు. బరాత్‌లో తీన్మార్ ఆడుతూ పడి పన్ను మొత్తం ఊడివస్తే వేరును ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతోనో నీళ్లతోనో ఒక్కసారి కడిగి, కుదిరితే అదే గుంతలో పెట్టండి. లేకపోతే పాలలో వేసి, అరగంట నుంచి గంటలోపు డెంటిస్టు దగ్గర ఉండాలి.

6. తెల్లబరచడం ముందు, రంగు ఎంపిక తర్వాత

నాకు ఎక్కువ బాధ కలిగించే పొరపాటు ఇది. ముందు క్యాప్ వేయించుకుంటారు, పెళ్లి వారంలో బ్లీచింగ్ చేయించుకుంటారు. సొంత పళ్లు తెల్లబడతాయి, క్యాప్ తెల్లబడదు. ఫ్లాష్ పడిన ప్రతి ఫొటోలో ఆ ఒక్క పన్ను వేరుగా కనిపిస్తుంది.

సరైన వరస ఇది: క్లీనింగ్, తర్వాత తెల్లబరచడం, రెండు వారాల విరామం, అప్పుడు క్యాప్‌కో ఫిల్లింగ్‌కో రంగు ఎంచుకోవడం. ఆ విరామంలో రంగు స్థిరపడుతుంది, ఫిల్లింగ్ మందు పంటికి గట్టిగా పట్టే స్థితీ వస్తుంది. ఇంత సమయం లేకపోతే తెల్లబరచడం మానేసి ఒక్క క్లీనింగ్‌తో ఆగండి. ఇరానీ చాయ్ మరకలు, కిళ్లీ మరకలు క్లీనింగ్‌తోనే చాలావరకు పోతాయి.

రంగు ఎంచుకునేటప్పుడు లిప్‌స్టిక్ తుడిచేసి, కిటికీ దగ్గర పగటి వెలుగులో, పన్ను అరగదీయకముందే చూడమనండి. నోరు తెరిచి ఉంచేకొద్దీ పన్ను ఆరిపోయి ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు ఎంచితే తప్పు రంగు వస్తుంది. ముందు పళ్లకు లోపల లోహం ఉండే క్యాప్ వేస్తే చిగురు అంచున బూడిద గీత కనిపించవచ్చు. వీలైతే జిర్కోనియానో, పూర్తి సిరామిక్కో అడగండి.

బ్లీచింగ్ చేయించుకున్నాక రెండు రోజులు పసుపు వేసిన కూరలు, టీ, కాఫీ వద్దు. హల్దీ చేతుల మీద రాసుకున్నా ముఖం మీద రాసుకున్నా ఫర్వాలేదు, నోట్లోకి పోకుండా చూసుకోండి. జివ్వుమంటే సెన్సిటివిటీ పేస్టు వాడండి. నిమ్మకాయ, వంట సోడా, బొగ్గు పొడితో రుద్దడం మాత్రం చేయకండి, పంటి గట్టి పైపొర (ఎనామిల్) పోతుంది.

నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్ల మీద ఏర్పడిన గోధుమ రంగు మరకలు మామూలు బ్లీచింగ్‌తో ఒక్కోసారి ఇంకా మచ్చలుమచ్చలుగా కనిపిస్తాయి. మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతిలో పైపొర కొద్దిగా తీసి చేసేది ఉంది, దాని గురించి అడగండి. అది మీ తప్పు కాదు, తాగిన నీళ్ల వల్ల వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాల్సిన పనిలేదు.

బ్రేసులు ఉన్నవాళ్లు వాటిని తీయించి, పెళ్లయ్యాక మళ్లీ వేయించుకోవచ్చు. అదనపు ఖర్చు, కొంత ఆలస్యం. అలాగే ఉంచుకుంటే రబ్బర్లు పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందు మార్పించండి, పసుపుకి అవే ముందు రంగు మారతాయి.

7. అయిన పని సరిగ్గా ఉందో లేదో ఇంట్లో చూసుకోండి

- తిమ్మిరి పోయాక పళ్లు మూయండి. కొత్త క్యాప్ మిగతావాటికన్నా ముందు తగులుతోందా? తగిలితే మరునాడే వెళ్లి సరిచేయించండి. “అలవాటవుతుందిలే” అని వదిలేస్తే వారంలో నొప్పి మొదలవుతుంది.
- క్యాప్ పక్క సందులో ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) పోనివ్వండి. అసలు పోకపోయినా, చిరిగినా, ఏ పట్టూ లేకుండా జారిపోయినా చెప్పండి.
- చల్లటి నీళ్లు పుక్కిట పట్టండి. జివ్వుమని వెంటనే పోతే ఫర్వాలేదు. నిమిషం పైన లాగుతూ ఉంటే నరం సంగతి చూపించాలి.
- ఫోన్‌తో మూడు ఫొటోలు: పగటి వెలుగులో, పసుపు బల్బు కింద, ఫ్లాష్‌తో. ఫంక్షన్ హాల్లో ఉండేవి ఈ లైట్లే. రంగు నచ్చకపోతే క్యాప్ పర్మినెంట్‌గా అతికించకముందే చెప్పాలి.

8. చివరి వారం, పెళ్లి రోజు

చిన్న పర్సులో ఇవి పెట్టి, పెళ్లిలో మీ పక్కనే ఉండే అక్కకో వదినకో ఇవ్వండి: మీకు పడే నొప్పి మాత్రలు, మెత్తటి బ్రష్, ఫ్లాస్, గాజుగుడ్డ, వాజిలిన్, తాత్కాలిక డెంటల్ సిమెంట్, డాక్టర్ నంబర్. పెళ్లి వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉంటే అక్కడి ఒక డెంటిస్టు నంబర్ కూడా, మీ ఎక్స్‌రేలు ఫోన్‌లో.

క్యాప్ ఊడితే కడిగి డబ్బాలో పెట్టండి. ఫెవిక్విక్‌తో అతికించకండి. డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి, ఆ తాత్కాలిక సిమెంట్‌తో ఆ పూటకు నిలబెట్టుకోవచ్చు. నిద్రపోయేముందు తీసేయండి, గొంతులోకి పోతుంది.

ముహూర్తం దాకా ఉపవాసం ఉండే ఆచారం మీ ఇంట్లో ఉంటే, పాలు, అరటిపండు తీసుకోవచ్చా అని పెద్దల్ని ముందే అడగండి. మాత్ర వేసుకోవాలని చెబితే ఎవరూ కాదనరు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను నోటి వాసన భయంతో వారాల తరబడి వాడకండి, పళ్లకు గోధుమ రంగు పడుతుంది. అవతలి వాళ్లకు చెప్పాలా అని కూడా అడుగుతుంటారు. మీరు పెళ్లి చేసుకోబోయే మనిషికి చెప్పండి. స్వీటు తినిపించేటప్పుడు ఏ పక్కన పెట్టాలో తెలిసిన మనిషి పక్కన ఉంటే సగం టెన్షన్ పోతుంది.

ముహూర్తమైనా ఆగకూడనివి

వాపు కంటి వైపో, దవడ కింద మెడ వైపో పాకుతుంటే, జ్వరం వస్తే, నోరు తెరవలేకపోతే, మింగడం లేదా ఊపిరి కష్టమైతే క్లినిక్ తెరిచేదాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. గాజుగుడ్డ అరగంట గట్టిగా కొరికినా రక్తం ఆగకపోతే కూడా అంతే.

పెళ్లయ్యాక

సగంలో ఆపిన రూట్ కెనాల్ మొదట, దాని మీద క్యాప్ తర్వాత, జ్ఞానదంతం ఆ తర్వాత, ఇంప్లాంట్ చివర. కొత్త ఊరికి కాపురానికి వెళ్తుంటే ఏ పంటికి ఎంతవరకు అయిందో డాక్టర్ చేత ఒక కాగితం మీద రాయించుకుని, ఎక్స్‌రేలతో పాటు క్యాప్‌కి ల్యాబ్ ఇచ్చిన వారంటీ కార్డు కూడా వెంట తీసుకెళ్లండి.